పాడుబడిన నగర బీచ్‌ను బాగుచేయాలంటే పని ఎక్కడ మొదలుపెట్టాలి?

క్లుప్తంగా: నగరాల్లో పాడుబడిన బీచ్‌లను పర్యాటకం కోసం తిరిగి తీర్చిదిద్దే పథకాలు చాలా దేశాల్లో నడుస్తున్నాయి. వాటిలో గట్టిగా నిలబడినవి ముందు మురుగు సంగతి, ఇసుక సంగతి చూసుకుని, నడకదారులూ దీపాలూ దుకాణాలూ తర్వాత పెట్టుకున్నవి. ఈ వరస తిరగబడినచోట ఒకే పనికి మళ్లీ మళ్లీ ఖర్చు పెట్టాల్సి వస్తోంది. బీచ్ అందరికీ అందుబాటులో ఉండటం, ఏటా నిర్వహణకు డబ్బు రావడం కూడా పథకం భవిష్యత్తును తేల్చే విషయాలే.

తీరం ఎలా పాడవుతుంది

సముద్రం పక్కన పెరిగిన నగరాలు చాలాకాలం ఆ తీరాన్ని పెరడులా వాడుకున్నాయి. ఓడరేవు, రైలు పట్టాలు, గిడ్డంగులు, కర్మాగారాలు, మురుగు కాలువలు, చెత్త గుట్టలు... ఊళ్లో ఎవరూ ఒప్పుకోనివన్నీ అక్కడికే చేరాయి. స్పెయిన్‌లోని 1980ల నాటి బార్సిలోనా ఇందుకు మంచి ఉదాహరణ. మధ్యధరా సముద్రం ఒడ్డునే ఉన్నా నగరానికీ నీటికీ మధ్య పట్టాలు, ఫ్యాక్టరీలు అడ్డంగా ఉండేవి. సోమొరోస్త్రో అనే గుడిసెల వాడ 1966లో తొలగించేదాకా ఇసుక మీదే ఉండేది.

ఇలాంటి తీరానికి జనం రారు. జనం రానిచోట దీపాలు వెలగకపోయినా అడిగేవాళ్లుండరు. చీకటిపడ్డాక అటు వెళ్లడానికి ఆడవాళ్లు, పిల్లలున్న కుటుంబాలు జంకుతాయి. అప్పుడు రాత్రిపూట భవన శిథిలాల లారీ వచ్చి ఒంపి వెళ్లినా ఎవరికీ తెలియదు. పాడుబడటమే మరింత పాడుబడటానికి కారణమవుతుంది.

పాలనాపరంగానూ చిక్కుంది. ఇసుక రెవెన్యూ శాఖది, రోడ్డు మున్సిపాలిటీది, నీటి నాణ్యత కాలుష్య నియంత్రణ మండలిది, పడవలు మత్స్యశాఖ పరిధిలోవి, పక్కనే ఉన్న రేవు పోర్టు సంస్థది. ఎవరి పని వాళ్లు చేసినా మొత్తం తీరానికి జవాబుదారీ అంటూ ఒకరు ఉండరు. పునరుద్ధరణ పథకాలు తరచూ పర్యాటక శాఖ చేతుల్లోంచి వస్తాయి. మురుగు పైపుల మీద గానీ రేవు అడ్డుకట్ట మీద గానీ ఆ శాఖకు అధికారం లేదు. అందుకే తన చేతిలో ఉన్న పనితో, అంటే టైల్స్, బెంచీలు, సెల్ఫీ పాయింట్లతో అది మొదలుపెడుతుంది.

నీటికి అసలు పరీక్ష వాన పడ్డప్పుడు

బీచ్ నీటిని పరీక్షించేటప్పుడు ముఖ్యంగా మలమూత్రాల జాడ చూపే బ్యాక్టీరియాను లెక్కిస్తారు. యూరోపియన్ యూనియన్ 2006 నాటి ఆదేశం ప్రకారం సముద్రతీర నీరు 'అద్భుతం' అనిపించుకోవాలంటే 100 మిల్లీలీటర్లలో ఎంటరోకోకై 100, ఇ-కోలై 250 మించకూడదు. ఒక్క నమూనాతో దీన్ని తేల్చరు. కొన్ని సీజన్ల నమూనాలన్నీ కలిపి లెక్కకడతారు. భారత్‌లో స్నానానికి పనికొచ్చే సముద్రపు నీటిని ఎస్‌డబ్ల్యూ-2 తరగతి అంటారు. అందులో ఫీకల్ కోలిఫాం అనే అలాంటి బ్యాక్టీరియాకే 100 మిల్లీలీటర్లకు 100 అనే ప్రమాణం ఉంది.

ఈ అంకెలు ఎండాకాలంలో ఒకలా, వానాకాలంలో మరోలా వస్తాయి. పాత నగరాల్లో వాననీరు, మురుగునీరు ఒకే గొట్టంలో పారతాయి. గట్టి వాన పడితే శుద్ధి కేంద్రం అంత నీటిని తీసుకోలేదు, మిగిలింది నేరుగా సముద్రంలోకి పొంగుతుంది. రెండూ వేరువేరుగా ఉన్న నగరాల్లోనూ వాన కాలువల్లోకి ఇళ్ల మురుగు కనెక్షన్లు చొరబడి ఉంటాయి. పైగా చాలా రోజుల ఎండ తర్వాత పడే మొదటి వాన రోడ్ల మీది నూనె, చెత్త, జంతువుల మలం మొత్తాన్ని ఒక్కసారిగా తీరానికి చేరుస్తుంది. ఎండకూ ఉప్పుకూ నీటిలోని బ్యాక్టీరియా త్వరగానే తగ్గుతుంది కానీ, తడి ఇసుకలో ఇంకొన్నాళ్లు బతుకుతుంది. కాబట్టి ఎండగా ఉన్న వారం నమూనా తీసి 'నీరు శుభ్రం' అని ప్రకటిస్తే ప్రజలకు సగం నిజమే చెప్పినట్టు.

1992 ఒలింపిక్స్ కోసం బార్సిలోనా చేసిన పనుల్లో ఫొటోలకెక్కినవి ఇసుక, తాటిచెట్లు, ఒలింపిక్ గ్రామం. వాటికి ఆధారంగా నిలిచింది మాత్రం కనిపించని పని. పట్టాలను తొలగించడం లేదా భూగర్భంలోకి పంపడం, తీరం వెంట వెళ్లే రోడ్డును చాలాచోట్ల కిందికి దించడం, మురుగును తీరానికి చేరకుండా మధ్యలోనే పట్టుకునే భారీ గొట్టాలు వేయడం ఆ పనుల్లో ఉన్నాయి. నాలుగు కిలోమీటర్లకు పైగా బీచ్ వచ్చింది వీటి మీదే.

డెన్మార్క్ రాజధాని కోపెన్‌హేగెన్ కూడా ఇదే దారిలో నడిచింది. రేవులోకి మురుగు పొంగే దారులను చాలావరకు మూసి, వాన తగ్గేదాకా నీటిని నిలిపి ఉంచే భూగర్భ ట్యాంకులు కట్టాకే 2002లో రేవు నడిబొడ్డున ఈత స్థలాన్ని తెరిచింది. 2005లో అమేగర్ స్ట్రాండ్‌పార్క్ అనే కొత్త బీచ్ పార్కును జనానికి ఇచ్చింది. పాత లోతులేని ఒడ్డుకు ఎదురుగా సుమారు రెండు కిలోమీటర్ల కృత్రిమ ద్వీపం కట్టి, మధ్యలో పిల్లలు ఆడుకునేలా నిశ్చలమైన మడుగు వదిలారు. అంత చేసినా గట్టి వాన తర్వాత అక్కడ ఈత ఆపేస్తారు. ఆ సంగతి దాచకుండా ముందే చెబుతారు. నమ్మకం అలాగే పెరుగుతుంది.

దీనికి వ్యతిరేక దిశలో ఏం జరుగుతుందో దర్బన్ చూపింది. 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌కు ముందు ఆ దక్షిణాఫ్రికా నగరం తన తీరాన్ని పొడవైన, ఉచితమైన నడకదారిగా మార్చి మంచి పేరు తెచ్చుకుంది. 2022 ఏప్రిల్ వరదల్లో మురుగు పంపింగ్ కేంద్రాలు, శుద్ధి కేంద్రాలు తీవ్రంగా దెబ్బతిన్నాయి. నీటిలో ఇ-కోలై పెరిగి బీచ్‌లు మూతపడ్డాయి. కొన్ని ఆ ఏడాది చివరి సెలవుల సీజన్‌కు కూడా పూర్తిగా కోలుకోలేదు. నడకదారి చెక్కుచెదరకపోయినా స్నానం చేయలేని బీచ్‌కు పర్యాటకులు రాలేదు.

ఇసుక ఎటు నుంచి వచ్చి ఎటు పోతోంది

పథకాల రూపకర్తలు ఎక్కువగా పట్టించుకోని విషయం ఇదే. అలలు ఒడ్డుకు ఏటవాలుగా వచ్చి, నేరుగా వెనక్కి జారతాయి. ప్రతి అలతో ఇసుక రేణువు కొంచెం పక్కకు జరుగుతుంది. ఏడాది పొడవునా ఇలా జరిగితే లక్షల ఘనపు మీటర్ల ఇసుక తీరం వెంబడి ప్రయాణిస్తుంది. భారత తూర్పు తీరంలో నైరుతి రుతుపవనాల కాలంలో ఈ ప్రయాణం ఉత్తరానికి, ఈశాన్య రుతుపవనాల్లో దక్షిణానికి సాగుతుంది. రెండూ పోగా మిగిలేది ఉత్తర దిశ.

మధ్యలో సముద్రంలోకి చొచ్చుకెళ్లే రేవు గోడ కడితే దక్షిణాన ఇసుక పోగవుతుంది, ఉత్తరాన ఒడ్డు కోసుకుపోతుంది. చెన్నైలో రెండూ ఒకేచోట చూడొచ్చు. 1876లో రేవు నిర్మాణం మొదలయ్యాక దక్షిణాన ఇసుక మేట వేస్తూ మెరీనా బీచ్ వెడల్పైంది. అదే గోడకు ఉత్తరాన రాయపురం వైపు తీరం కోతకు గురైంది. మెరీనాను చూసి మెచ్చుకునేటప్పుడు ఆ ఇసుక ఉత్తరాన ఎవరికి అందకుండా పోయిందో కూడా లెక్కలో ఉండాలి.

పుదుచ్చేరి అనుభవం ఇంకా సూటిగా ఉంది. 1980ల చివర్లో కట్టిన రేవు అడ్డుకట్టల తర్వాత ఉత్తరాన ఉన్న పట్టణ బీచ్ క్రమంగా మాయమైంది. రోడ్డును కాపాడటానికి బండరాళ్లు పేర్చారు. పేరుకు బీచ్ రోడ్డు, ఎదురుగా రాళ్లు. రేవు దక్షిణాన పోగయ్యే ఇసుకను పంపుతో ఉత్తరానికి దాటించే ఏర్పాటు అసలు ప్రణాళికలోనే ఉన్నా అది నిలకడగా నడవలేదు. చివరికి 2018లో చెన్నైలోని జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ రూపొందించిన కృత్రిమ రీఫ్‌ను, అంటే అలలను అడ్డుకునే దిబ్బలాంటి కట్టడాన్ని, నీటి అడుగున పెట్టారు. దాంతో అలల ఉధృతి తగ్గి, నడకదారి ముందు కొంతమేర ఇసుక తిరిగొచ్చింది. ఒక పంపును ఆపకుండా నడిపి ఉంటే తప్పే ఖర్చు ఎంతో ఉందన్నది ఈ కథలో స్పష్టం.

బండరాళ్లు, కాంక్రీట్ గోడలు రోడ్డును కాపాడతాయి, బీచ్‌ను కాపాడవు. గోడకు తగిలిన అల తన శక్తిని కింద ఉన్న ఇసుక మీద చూపుతుంది, ఆ ఇసుక సముద్రంలోకి కొట్టుకుపోతుంది. గోడ చివర దాటాక పక్క ఊరి తీరం కోత మొదలవుతుంది. అక్కడా గోడ కావాలంటారు. అలా గోడ పొడుగవుతూ పోతుంది.

మిగిలిన దారులు మూడు: ఇసుక దాటించడం, ఇసుక పోయడం, వెనక్కి జరగడం.

ఆస్ట్రేలియాలో ట్వీడ్ నది మొగ దగ్గర 1960ల్లో రాతి గోడలు పొడిగించాక పక్కనే ఉన్న కూలంగట్టా, కిర్రా బీచ్‌లు ఇసుక లేక అల్లాడాయి. 2001 నుంచి అక్కడ శాశ్వత పంపింగ్ వ్యవస్థ నడుస్తోంది. అటూ ఇటూ ఉన్న రెండు రాష్ట్రాలూ ఖర్చు పంచుకుంటాయి. మొదటి ఏళ్లలో ఇసుక అవసరానికి మించి చేరి కిర్రా బీచ్ మరీ వెడల్పైపోయిందన్న ఫిర్యాదులు కూడా వచ్చాయి. ఇది ఏటా సరిచూసుకుంటూ నడపాల్సిన వ్యవస్థ.

ఇసుక పోయడంలో నెదర్లాండ్స్ 2011లో చేసిన ప్రయోగం పెద్దది. ద హేగ్ సమీపంలో ఒకేసారి సుమారు 2.15 కోట్ల ఘనపు మీటర్ల ఇసుకను కొక్కెం ఆకారంలో పోసి, దాన్ని తీరం వెంబడి పంచే పనిని అలలకూ గాలికీ వదిలేశారు. అమెరికాలోని మయామీ బీచ్ మరో పాఠం చెబుతుంది. 1970ల చివర్లో సముద్రగర్భం నుంచి తవ్విన ఇసుకతో దాన్ని వెడల్పు చేశారు. తర్వాత మళ్లీ మళ్లీ పోయాల్సి వచ్చింది. సమీపంలోని నిల్వలు తరిగిపోవడంతో ఇటీవలి విడతల్లో దూరపు గనుల నుంచి లారీల్లో తెచ్చారు. పోసే ఇసుక రేణువు సహజ ఇసుక కంటే సన్నగా ఉంటే ఇంకా త్వరగా కొట్టుకుపోతుంది. బార్సిలోనా ఇసుక కూడా స్థిరం కాదు. 2020 జనవరిలో వచ్చిన గ్లోరియా తుపాను అక్కడి బీచ్‌లను గట్టిగా కోసేసింది.

వెనక్కి జరగడం రాజకీయంగా కష్టమైనా చౌక. కాలిఫోర్నియాలోని వెంచురాలో సర్ఫర్స్ పాయింట్ దగ్గర కోతకు గురైన సైకిల్ దారిని, పార్కింగ్‌ను గోడ కట్టి కాపాడకుండా లోపలికి జరిపారు. ఖాళీ అయిన చోట గులకరాళ్లు, ఇసుక దిబ్బలు ఏర్పాటు చేశారు. మొదటి దశ 2011లో పూర్తైంది. సముద్రమట్టం పెరుగుతున్న కాలంలో వెనక గోడ, ముందు నీరు ఉన్న బీచ్‌కు జరగడానికి చోటుండదు, అది సన్నబడుతుంది. నీటికి దగ్గరగా శాశ్వత కట్టడాలు వద్దనడం వెనక అందం ఒక్కటే కాదు, ఈ లెక్క కూడా ఉంది. భారత్‌లో తీరం వెంట కట్టడాలను నియంత్రించే 2019 సీఆర్‌జెడ్ నోటిఫికేషన్ బీచ్‌ల మీద తాత్కాలిక షెడ్లు, టాయిలెట్లు, దుస్తులు మార్చుకునే గదుల వంటివాటిని అధిక ఆటుపోటు రేఖకు (పోటు సమయంలో నీరు చేరే పై హద్దుకు) కనీసం 10 మీటర్లు ఎడంగా అనుమతిస్తుంది. పది మీటర్లన్నది చట్టం చెప్పే కనీసం. ఏటా కోతకు గురయ్యే తీరంలో అది చాలకపోవచ్చు.

శుభ్రం చేయడంలోనూ జాగ్రత్త

ముంబయిలోని వెర్సోవా బీచ్‌లో 2015 అక్టోబరులో న్యాయవాది అఫ్రోజ్ షా మొదలుపెట్టిన శ్రమదానం ప్రపంచం దృష్టిని ఆకర్షించింది. మరుసటి ఏడాది ఐక్యరాజ్యసమితి పర్యావరణ విభాగం ఆయనకు పురస్కారం ఇచ్చింది. 2018లో అక్కడ ఆలివ్ రిడ్లే తాబేలు పిల్లలు గుడ్ల నుంచి బయటికొచ్చి సముద్రంలోకి వెళ్లడం చాలా ఏళ్ల తర్వాత కనిపించింది. జనం పూనుకుంటే తీరం ఎంత త్వరగా స్పందిస్తుందో దీన్నిబట్టి తెలుస్తుంది. అయితే వర్షాకాలంలో ప్లాస్టిక్ మళ్లీ వచ్చి చేరుతూనే ఉంటుంది. అది నగరంలోని కాలువల నుంచి వచ్చేది. కాలువల్లో జాలీలు పెట్టడం, వార్డుల్లో చెత్త సేకరణ సరిచేయడం జరగనంతవరకూ స్వచ్ఛంద కార్యకర్తల చెమటకు అంతు ఉండదు. వాళ్లకు ఇవ్వాల్సిన గౌరవం ఆ పనుల్లో కనబడాలి.

రెండో జాగ్రత్త యంత్రాల విషయంలో. ట్రాక్టర్‌తో రోజూ ఇసుకను దువ్వితే ప్లాస్టిక్‌తో పాటు కొట్టుకొచ్చిన సముద్రపు నాచు కూడా పోతుంది. ఆ నాచు పురుగులకు, పురుగులు పక్షులకు ఆహారం. గాలికి ఎగిరే ఇసుకను పట్టి నిలిపేదీ, దిబ్బల మీది మొక్కలకు ఎరువయ్యేదీ అదే. కాలిఫోర్నియాలోని శాంటా మోనికాలో 2016లో సుమారు మూడెకరాల్లో దువ్వడం ఆపి, తక్కువ ఎత్తు కంచె వేసి, స్థానిక మొక్కల గింజలు చల్లారు. దిబ్బలు వాటంతట అవే లేచాయి. 2017లో స్నోయీ ప్లవర్ అనే చిన్న పక్షి అక్కడ గూడు పెట్టింది. లాస్ ఏంజెలెస్ కౌంటీలో అది గూడు పెట్టడం దాదాపు ఏడు దశాబ్దాల తర్వాత అదే మొదలు. ఉష్ణమండల తీరాల్లో ఈ పని బాలబంద తీగ, రావణాసురుడి మీసాలు అని పిలిచే గడ్డి చేస్తాయి. సుందరీకరణ పేరుతో వాటిని పీకి లాన్ వేయడం అంటే ఉచితంగా దొరికే రక్షణను తీసేసి నీటి బిల్లు తెచ్చుకోవడమే.

అందరిదిగా ఉంచడం

బీచ్ బాగుపడగానే దాని పక్క స్థలం విలువ పెరుగుతుంది. అప్పటిదాకా అక్కడే బతికినవాళ్ల మీద ఒత్తిడి మొదలవుతుంది. బార్సిలోనాలో ఒకప్పటి జాలర్ల పేట బార్సిలోనెటాలో పర్యాటకుల అద్దె ఇళ్లు, రాత్రి గోల భరించలేక 2014 ఆగస్టులో స్థానికులు వీధుల్లోకి వచ్చారు. లెబనాన్ రాజధాని బీరూట్‌లో రామ్లెట్ అల్ బైదాను నగరంలో మిగిలిన చివరి ఉచిత ఇసుక బీచ్‌గా చెబుతారు. దాని ఒక చివర రిసార్ట్ కట్టినప్పుడు పెద్ద నిరసనలే జరిగాయి. చెన్నైలో మెరీనా లూప్ రోడ్డు వెంట చేపలమ్ముకునేవాళ్లను 2023లో తొలగించబోతే మత్స్యకారులు ఎదురుతిరిగారు. తర్వాత అదే ప్రాంతంలో చేపల మార్కెట్ కట్టి ఇచ్చారు. మార్కెట్ ముందు కట్టి, తర్వాత జరగమని అడిగి ఉంటే ఆ ఘర్షణ చాలావరకు తప్పేది.

చట్టం గట్టిగా ఉన్నచోట పని సులువవుతుంది. స్పెయిన్ 1988 తీరచట్టం సముద్రపు ఒడ్డును ప్రజల ఆస్తిగా ప్రకటించి, దాని వెంట ఆరు మీటర్ల మేర జనం నడవడానికి దారి వదలాలని చెప్పింది. అలాంటి నియమం లేనిచోట బీచ్ కాగితం మీద ప్రభుత్వానిదే అయినా, దారి హోటల్ గేటు గుండా వెళ్తుంది.

అందరిదీ అనే మాట చిన్న వివరాల్లో తేలుతుంది. బస్సు ఎంతవరకు వస్తుంది, టాయిలెట్‌కు డబ్బు తీసుకుంటున్నారా, వీల్‌చైర్ ఇసుక మీదికి వెళ్లేలా చాపలాంటి దారి వేశారా, వలలు ఆరబెట్టుకునే చోటు, పడవలు లాగే చోటు ప్లాన్‌లో గీశారా అన్నవి చూడాలి. దీపాల సంగతి కాస్త చిక్కు. జనం భద్రతకు వెలుతురు కావాలి. తాబేళ్లు గుడ్లు పెట్టే తీరంలో మాత్రం తెల్లని దీపాలు తాబేలు పిల్లలను సముద్రం వైపు కాకుండా రోడ్డు వైపు లాగుతాయి. నేలకు దగ్గరగా, సముద్రం వైపు పడకుండా కప్పిన పసుపు-నారింజ దీపాలు రెండు అవసరాలనూ తీరుస్తాయి.

బ్లూ ఫ్లాగ్ చెప్పేదెంత

శుభ్రత, భద్రత వంటి ప్రమాణాలు అందుకున్న బీచ్‌లకు ఇచ్చే బ్లూ ఫ్లాగ్ గుర్తింపు 1985లో ఫ్రాన్స్‌లో మొదలైంది. ఇప్పుడు డెన్మార్క్ కేంద్రంగా ఉన్న ఒక అంతర్జాతీయ సంస్థ దాన్ని ఇస్తోంది. నీటి నాణ్యత, పర్యావరణ నిర్వహణ, అవగాహన కార్యక్రమాలు, భద్రత-సేవలు అనే నాలుగు విభాగాల్లో 33 ప్రమాణాలుంటాయి. 2020 అక్టోబరులో భారత్ నుంచి ఒకేసారి ఎనిమిది బీచ్‌లకు ఈ గుర్తింపు వచ్చింది. విశాఖపట్నం దగ్గరి రుషికొండ వాటిలో ఒకటి.

రెండు సంగతులు తరచూ మరుగున పడతాయి. గుర్తింపు హద్దులు గీసిన ఒక ముక్కకే వర్తిస్తుంది, నగర తీరం మొత్తానికి కాదు. అది ఏటా నిలబెట్టుకోవాల్సినది కూడా. 2025 ఆరంభంలో నిర్వహణ లోపాల మీద ఫిర్యాదులతో రుషికొండ గుర్తింపును తాత్కాలికంగా వెనక్కి తీసుకుని, వాటిని సరిచేశాక తిరిగి ఇచ్చారు. గుర్తింపు పోవడాన్ని అవమానంగా చూడటం కంటే, బయటివాళ్ల తనిఖీ పనిచేసిందని చూడటం సరైనది. ఆ కొద్ది వారాల్లో జరిగిన దిద్దుబాట్లు తనిఖీ లేకపోతే జరిగేవా అన్నది అనుమానమే.

డబ్బు, జనం

నిర్మాణానికి ఒకసారి నిధులు దొరుకుతాయి. లైఫ్‌గార్డుల జీతాలు, టాయిలెట్ల శుభ్రత, నీటి పరీక్షలు, ఇసుక పంపింగ్ ఏటా వచ్చే ఖర్చులు. నిర్మాణ నిధులు ఒక ప్రభుత్వం నుంచి, నిర్వహణ భారం మున్సిపాలిటీ మీద పడితే మూడో ఏడాదికి పంపులు ఆగిపోతాయి. పార్కింగ్ రుసుము, దుకాణాల అద్దె బీచ్ ఖాతాలోకే వెళ్లేలా నియమం పెడితే కొంత ఊరట. అయితే ఆదాయం కోసమే దుకాణాలు పెంచుకుంటూ పోతే ఇసుక మీద జాగా తగ్గుతుంది. ప్రవేశ రుసుము ఇంకా ప్రమాదకరం. రోజూ సాయంత్రం వచ్చే స్థానికులను మొదట దూరం చేసేది అదే. బీచ్‌కు కాపలా కాసేది కూడా వాళ్లే.

జనం ఎంతమంది పట్టగలరో ముందే తేల్చుకోని చోట ఫిలిప్పీన్స్‌లోని బోరకాయ్ లాంటి పరిస్థితి వస్తుంది. హోటళ్ల మురుగు సముద్రంలో కలుస్తుండటంతో ఆ దీవిని 2018లో ఆరు నెలలపాటు పర్యాటకులకు పూర్తిగా మూసేశారు. తిరిగి తెరిచినప్పుడు ఒకేసారి దీవిలో ఉండే పర్యాటకుల సంఖ్యకు 19,215 అని పరిమితి పెట్టారు. నగర బీచ్‌కు అలా గేటు పెట్టలేరు. అక్కడ పరిమితిని పార్కింగ్ స్థలాల సంఖ్యతో, బస్సుల సమయాలతో, పెద్ద కచేరీలకూ ఉత్సవాలకూ ఇచ్చే అనుమతులతో, జనాన్ని ఒకేచోట పోగవకుండా తీరం పొడవునా సౌకర్యాలు పంచడంతో సాధించాలి. ఆ లెక్కలు టెండర్ పిలవకముందే వేయాలి. పదేళ్ల నిర్వహణ ఖర్చు, వాన తర్వాతి నీటి పరీక్షల ఫలితాలను బహిరంగంగా పెట్టే బాధ్యత, ఇసుక కొలతలు ఎవరు తీస్తారన్నది కూడా ఆ టెండర్‌లోనే రాసుకోవాలి.